మా తాత నాలుకా, మడ మొక్కలూ

ఈమధ్య ఒక పొద్దున ఆరాంఘర్‌లో షాద్‌నగర్ బస్సెక్కితే కిటికీ పక్కన సీటు దొరికింది. గగన్‌పహాడ్ దాకా బాగానే పోయిన బస్సు అక్కడ బండ్ల మధ్య ఇరుక్కుని ఆగింది. పక్కనే ఒక వ్యాను ఆగి ఉంది. దాని వెనక తలుపు సందుల్లోంచి నల్లటి నీళ్లు చుక్కలు చుక్కలుగా రోడ్డు మీద పడుతున్నాయి. లోపల విమానమెక్కబోయే పీతల పెట్టెలట, ఆ నీళ్లతో పాటు వాసన కూడా బయటికొచ్చి నేరుగా మా బస్సులో దూరింది. తడిసిన గోనెసంచి, ఉప్పు, మురిగిన కోడిగుడ్డు, మూడూ కలిసిన వాసన అది. బస్సులో ఆడవాళ్లు కొంగులు, మగవాళ్లు జేబురుమాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం కిటికీ అద్దాన్ని ఇంకాస్త వెనక్కి జరిపాను. నా పక్కనున్నావిడ నన్ను అదోలా చూసింది. ఆమె తప్పేం లేదు. ఆ వాసన పీలిస్తే నాకు మళ్లీ పదమూడేళ్లు వస్తాయని ఆమెకెలా తెలుస్తుంది?

తొంభైల్లో మా ఊరికి శంషాబాద్ రెండు మైళ్లు. అప్పటికి అక్కడ విమానాశ్రయం అన్న మాటే లేదు. విమానాలు బేగంపేట వైపు దిగుతూ మా జొన్న చేల మీదుగా పోతే, చేతిలో కొడవలి ఉన్నా, ముంత ఉన్నా కింద పడేసి చెయ్యి ఊపేవాళ్లం. వానాకాలం మొదట్లో ఎర్రనేల తడిసిన వాసన, భాద్రపదంలో మంట మీద కాలే మక్క కంకుల చిటపట, బతుకమ్మ నాటికి కంచెల నిండా తంగేడు పసుపు, ఇంట్లో నువ్వుల సత్తుపిండి, పెసర సత్తుపిండి, బెల్లం పోసి ముద్ద చేసిన మలీద, ఆ వెంటనే గంపలకొద్దీ సీతాఫలాలు, చలికాలంలో ద్రాక్ష పందిళ్ల కింద ఆకుపచ్చని చీకటి, ఎండాకాలంలో వేలితో పొడుచుకు తినే తాటి ముంజలు. ఇన్ని ఉన్న మా ఊరికి లేనిదల్లా ఒక్క సముద్రమే, అది లేదన్న దిగులు కూడా మాకెప్పుడూ ఉండేది కాదు. మాకు తెలిసిన పెద్ద నీళ్లు హిమాయత్‌సాగర్. దానికి అవతలి గట్టు కనిపిస్తుంది గనక సముద్రానికీ ఒక అవతలి గట్టు ఉంటుందనీ, అక్కడ కూడా మనలాంటి వాళ్లే బర్రెల్ని కడుగుతుంటారనీ నేను ఏడో తరగతి దాకా నిక్షేపంగా నమ్మాను.

మా ఇంట్లో పెద్ద మా తాత కిష్టయ్య. బాపుకు గగన్‌పహాడ్‌లో ఫ్యాక్టరీ పని, అమ్మకు ఇంటి పని, నాకు బడి. ఆరెకరాల చేనూ, బోరూ, టమాటలూ, కొత్తిమీరా అన్నీ తాతవి. ఆయన అక్షరం ముక్క చదువుకోలేదు గానీ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఆయనకొక పెద్ద పేరుండేది. ఎవరు పొలం కొంటున్నా, ఎవరు కొత్తగా తోట వేస్తున్నా ఆ చెలకలోంచి పిడికెడు మట్టి తువ్వాలలో మూట కట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవారు. తాత మూట విప్పి, చిటికెడు మట్టి నాలుక చివర పెట్టుకుని, కళ్లు మూసుకుని, పక్కకి ఉమ్మేసి, నీళ్లతో నోరు పుక్కిలించి అప్పుడు చెప్పేవాడు. తియ్యటి మట్టి, సప్పటి మట్టి, చౌడు పట్టిన మట్టి, చౌడు పట్టబోతున్న మట్టి. ఆ నాలుగో రకం పట్టుకోవడంలోనే ఉంది ఆయన గొప్పంతా. ఆయన వద్దన్న నేలలో విత్తనం వేసి బాగుపడినవాడిని నేను చూడలేదు. ఉప్పంటే మా తాతకు కూరలో తప్ప ఇంకెక్కడ కనిపించినా పగ.

ఇక రాజ్యలక్ష్మి టీచర్. మా హైస్కూల్లో సైన్సు చెప్పేది. సొంతూరు కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒక చిన్న పల్లె. పెళ్లై హైదరాబాదు వచ్చి, రోజూ ఆరాంఘర్‌లో బస్సు మారి, దుమ్ము పడకుండా తలకు రుమాలు కట్టుకుని మా బడికి వచ్చేది. ‘అలా కాదమ్మా’, ‘ఇలా చూడండమ్మా’ అని ఆమె మాట్లాడుతుంటే మొదట్లో మాకు రేడియో వింటున్నట్టే ఉండేది. ఎనిమిదో తరగతిలో సముద్ర పర్యావరణం పాఠం వచ్చింది. పుస్తకంలో ఒక మసక బొమ్మ, దాని కింద నాలుగు ప్రశ్నలు. టీచర్ సగం చదివి పుస్తకం మూసి, సముద్రం చూసినవాళ్లు చేతులెత్తమంది. నలభైమందిలో ఒక్క చెయ్యీ లేవలేదు. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ వారమే తన అన్నయ్యకు ఉత్తరం రాసింది.

ఆమె అన్నయ్య వాళ్ల ఊరి హైస్కూల్లో సైన్సు మాస్టారు. అక్కడ శనివారం మధ్యాహ్నాలు పిల్లలకు గదిలో పాఠం ఉండదట. పాయ గట్టున కూర్చోబెట్టి, ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్లు గాలివానకు ఊరిని ఎలా కాపాడతాయో, వాటి వేళ్ల సందుల్లో రొయ్య పిల్లలు ఎలా పెరుగుతాయో, తెగిన వల ముక్క తాబేలు మెడకు ఎలా ఉరవుతుందో చూపిస్తాడట. గాలివానలకు కోసుకుపోయిన గట్టు మీద మళ్లీ మడ నాటడానికి పిల్లలే సంచుల్లో మొక్కలు పెంచుతారట. ఇదంతా టీచర్ చెబుతుంటే మేం కథ విన్నట్టు విన్నాం. కార్తీకంలో ఒకరోజు ఆ కథ గోనెసంచి రూపంలో మా బడికే వచ్చేసింది. నల్లటి బురద పూసిన తడి గోనెలో అరవై మడ కాయలు. గోనె విప్పగానే ఆ వాసన తరగతి నిండా పరుచుకుని, ముందు బెంచీవాళ్లు కూడా వెనక బెంచీల్లోకి వచ్చారు.

గోనెలో ఒక ఉత్తరం కూడా ఉంది. ఆ బడిలో ఎనిమిదో తరగతి చదివే నాగమణి రాసింది. టీచర్ పైకి చదివి వినిపించింది. ‘మీకు ఉప్పు నీళ్లు దొరకవు కాబట్టి ఇవి బతకవని మా క్లాసులో అందరూ అంటున్నారు. చచ్చిపోతే ఏమీ బాధపడకండి. ఒకవేళ బతికితే వచ్చే వర్షాకాలంలో తీసుకురండి, మా వరస పక్కనే మీ వరస నాటుదాం.’ తిట్టి ఉంటే మరిచిపోయేవాళ్లమేమో. ఇంత మర్యాదగా, ముందే ఓదార్చేసరికి మాకు కడుపు మండిపోయింది. ఎందుకు బతకవో చూద్దామని క్లాసంతా ఒక్కటైంది. మొక్కల బాధ్యత ఎవరిదని టీచర్ అడిగితే నేను లేచి నిలబడ్డాను. చేను ఉన్న ఇంటి పిల్లనన్న పొగరు నాకు ఆ వయసులోనే దండిగా ఉండేది.

మాస్టారు రాసి పంపిన పద్ధతి చాలా సులువు. మట్టి సంచుల్లో కాయలు నాటి, మొదటి నెల మంచినీళ్లే పొయ్యాలి. ఆ తరువాత బిందె నీళ్లకు ఒక గుప్పెడు దొడ్డుప్పు, నెల గడిచాక రెండు గుప్పెళ్లు, అలా పెంచుకుంటూ పోయి నాటే నాటికి ఏడు గుప్పెళ్లకు చేరాలి. ఏడు గుప్పెళ్లంటే సముద్రమే. శనివారం శనివారం ఒక్కొక్కరు ఇంటి నుంచి గుప్పెడు ఉప్పు తేవాలన్నారు. మా ఇళ్లలో ఉప్పు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఇవ్వరు, ఇస్తే కొట్లాటలొస్తాయని. అందుకని ప్రతి పిల్లా తెచ్చిన ఉప్పు పొట్లం కిటికీ గూట్లో పెట్టి దూరం జరిగితే, నేను అక్కడి నుంచి తీసుకుని నీళ్ల గోలెంలో కలిపేదాన్ని. టీచర్ ఇదంతా చూసి నవ్వాపుకునేది గానీ మా పద్ధతిని ఎన్నడూ తప్పనలేదు. పొద్దున ప్రార్థనకు ముందు ఒకసారి, సాయంత్రం ఇంటి గంట కొట్టాక ఒకసారి సంచులన్నీ ఆ గోలెంలో ముంచి తీసేవాళ్లం. ముంచితే పోటు, తీస్తే ఆటు. రోజుకు రెండుసార్లు సముద్రాన్ని నడిపే ఉద్యోగం ప్రపంచంలో ఇంకెవరికి దొరుకుతుంది?

సంక్రాంతి దాటేసరికి ఆకులు నాలుగయ్యాయి. వాటి మీద సన్నటి తెల్లపొడి పేరుకునేది. నాలుకతో తాకితే ఉప్పు. చెయ్యొద్దని టీచర్ ఎంత చెప్పినా, ఆమె అటు తిరగగానే ఎవరో ఒకరు ఆకు నాకేవాళ్లు. బడి వెనక మేసే మేకలకు కూడా ఈ రుచి తెలిసిపోయి రెండు దఫాలు కంచె దూరి వచ్చాయి. మొలవనివి, మేకలు మేసినవి పోగా నలభై రెండు మిగిలాయి.

ఎండాకాలం సెలవులకు బడి మూసేస్తే మొక్కలకు నీళ్లు ఎవరు పెడతారు? తాత ఎడ్లబండి కట్టుకొచ్చి నలభై రెండు సంచుల్నీ మా బోరు పక్కన నిమ్మచెట్టు నీడకు చేర్చాడు. అప్పటికి నాలుగు గుప్పెళ్ల దగ్గర ఉన్నాం. నేను బిందె నీళ్లలో నాలుగు గుప్పెళ్లు కలుపుతుంటే తాత చూసి నిలబడిపోయాడు.

“గిదేంది బిడ్డా, పానమున్న మొక్కకు గింత ఉప్పా?”

“టీచర్ చెప్పింది తాతా. గివి ఉప్పుల బతికే మొక్కలు.”

 చదువుకున్నోళ్ల మాటకు ఎదురు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. నేను రోజూ రెండు పూటలా ముంచడం, ముంచాక ముంజల కోసమో, ఈతకో పరుగెత్తడం. ఆ సెలవుల్లో మొక్కలు పెరిగిన తీరు చూడాలి. ఆకులు అరచేయంత అయి, నూనె రాసినట్టు మెరిసేవి. తెల్లపొడి జాడే లేదు. ఉప్పుకు బాగా అలవాటు పడ్డాయనుకుని నేను పొంగిపోయాను. అయిదు, ఆరు గుప్పెళ్లకు కూడా పెంచాను. జూన్‌లో బడి తెరిచి బండి మీద మొక్కలు దింపితే టీచర్ చేతులు రెండూ చెంపలకు ఆనించుకుంది. వాళ్ల ఊళ్లో కూడా ఇంత ఏపుగా రాలేదంది. హెడ్మాస్టరు ప్రార్థనలో నన్ను ముందుకు పిలిచి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నాలుగు రోజులు నా కాళ్లు నేలమీద లేవు. బతికాయని నాగమణికి పెద్ద పెద్ద అక్షరాలతో కార్డు రాసి పడేశాను.

ఆ అయిదో రోజున, టీచర్ లేని సమయం చూసి, పాత అలవాటు కొద్దీ ఒక ఆకు నాకాను. సప్పగా ఉంది. ఇంకో సంచిలో ఆకు, అదీ అంతే.  సంచిలోంచి చిటికెడు మట్టి తీసి తాతలాగే నాలుక మీద పెట్టుకున్నాను. మా టమాట మడిలో మట్టి ఎలా ఉంటుందో అలాగే తియ్యగా ఉంది.

ఇంటికి పోయి అడిగితే తాత దాచలేదు. నేను ముంచి పోయిన ప్రతిసారీ, కరెంటు రాగానే బోరు పైపు పట్టి సంచులన్నీ కడిగేవాడట. ఆకుల మీది తెలుపును తడి బట్టతో తుడిచేవాడట. సెలవులన్నాళ్లూ. నేను ఆరు గుప్పెళ్లు కలిపిన గొప్పంతా ఆ పైపు నీళ్లలో కొట్టుకుపోయింది.

“చౌడు వట్టి సస్తుంటే సూసుకుంట ఎట్ల కూసుంట బిడ్డా? నీకు జెప్తె పరేషాన్ అయితవని జెప్పలే.”

మరొకరైతే బహుశా కోప్పడేదాన్ని. ఆ ముఖంలో చిన్న పిల్లవాడిని కాపాడినంత తృప్తి ఉంది, దాని మీద ఎట్లా కోప్పడను? కానీ నా సంగతేమిటి? నెల రోజుల్లో ప్రయాణం. మాస్టారి ఉత్తరం కూడా వచ్చి ఉంది. ఎగువ నుంచి వరద ఇంకా దిగలేదు, పాయలో నీళ్లు కటిక ఉప్పుగా ఉన్నాయని. మంచినీళ్లు తాగి పెరిగిన ఈ మొక్కల్ని తీసుకెళ్లి అందులో పెడితే వారంలో మాడిపోతాయి, నాగమణి మళ్లీ మర్యాదగా ఓదారుస్తుంది. చెబితే చప్పట్లు కొట్టినవాళ్ల ముందు తల ఎక్కడ పెట్టుకోవాలి? ఒక దినం చెప్పకుండా గడిపాను. రెండో దినం అన్నం సహించలేదు. మూడో దినం మధ్యాహ్నం టీచర్ టిఫిన్ డబ్బా విప్పుతుండగా పోయి, ఏడుస్తూ, మొత్తం చెప్పేశాను. నన్నేమైనా అనండి గానీ తాతను అనొద్దని కూడా చెప్పాను.

ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. కాసేపు కిటికీలోంచి మొక్కల వైపు చూసింది.

“రేపు తాతగారిని ఒకసారి బడికి రమ్మనమ్మా.”

నాకు భయం వేసింది. తాతకు అంతకన్నా ఎక్కువ. మరునాడు ఉతికిన ధోతి, కొత్త తువ్వాలతో వచ్చి, వరండా బయటే చెప్పులు విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా నిలబడ్డాడు. టీచరే బయటికొచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. తిట్టలేదు, పాఠం చెప్పలేదు. ఎండలో నాగలి దున్ని వచ్చాక చొక్కా వీపు మీద ఏముంటుందని అడిగింది.

“తెల్ల చారలుంటయి. చెమట ఎండి.”

“ఆ ఆకు మీద తెలుపు కూడా అదేనండి. వేళ్లతో తాగిన ఉప్పుని ఆకుల మీదుగా బయటికి తోసేస్తుంది. జబ్బు కాదు.”

 తాత మొక్కల దగ్గరికి పోయి వంగి చూశాడు.

“అంటె గది కష్టంజేసినట్టా, టీచరమ్మా? నేను దాని చెమట తుడిసి, దాన్ని పనికిరాకుంట జేసిన్నా?”

అప్పుడు ఆమె అసలు మాట చెప్పింది. నెల రోజుల్లో ఆరేడు నెలల పని జరగాలి. ఒక్కసారిగా ఉప్పు పెంచితే మొక్క చస్తుంది, పెంచకపోతే అక్కడికి పోయి చస్తుంది. ఏ సంచిలో మట్టి ఎంత ఉప్పు పట్టిందో కొలిచే గాజు గొట్టం అన్నయ్య దగ్గర ఉంది గానీ ఈ బడిలో లేదు. ఈ చుట్టుపక్కల అది తెలిసిన నాలుక ఒక్కటే ఉందని పిల్లలు చెబుతున్నారు. మా తాతకు బడిలో ఉద్యోగం దొరికింది.

ఆ నెలంతా పొద్దున్నే చేనికి పోకముందు ఆయన బడికి వచ్చేవాడు. నాలుక మొద్దుబారకూడదని, నలభై ఏళ్ల నుంచి నోట్లోంచి తియ్యని చుట్ట మానేశాడు. మా అమ్మ అది చూసి, ఇన్నేళ్లు ఎంతమంది చెప్పినా మానని మనిషి మొక్కల కోసం మానాడని వాడంతా చెప్పుకుంది. సంచి సంచికీ వంగి, చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసి, దీనికి ఇంకో చిటికెడు, దీనికి రెండు దినాలు ఆగాలె, దీనికి ఇయ్యాల ఒట్టి నీళ్లే అని చెప్పేవాడు. నేను వెనక నడుస్తూ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. సంచుల్ని మూడు వరసలు చేశాడు, గట్టివి, మధ్యరకానివి, నాజూకువి. ఆకులు పసుపెక్కి రాలాయి. కొన్ని మొక్కలు తాళలేక పోయాయి. పోయిన ప్రతి మొక్కనూ తాత సంచిలోంచి తీసి, మట్టి దులిపి, కంచె పక్కన పెట్టేవాడు. ఆ దినం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. బోనాల పండుగ వెళ్లిన వారానికి ముప్పై ఒకటి నిలిచాయి. ఆకులు మునుపటంత పెద్దవి కావు, నిగనిగ అసలే లేదు. అన్నింటి మీదా తెల్లపొడి ఉంది. దాన్ని చూసి మా తాత మీసం దువ్వుకోవడం నేను చూశాను.

ప్రయాణానికి ఎనిమిది మంది పిల్లలం, టీచర్, ఇంకా తాత. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. మొక్కలొక్కటీ పోతే ఎట్లా అని ఆయనే మూట సర్దుకున్నాడు. జొన్న రొట్టెలు, పల్లీల పొడి, ఎర్రకారం, గంపల్లో మొక్కలు. రైల్లో గంపలు ఒళ్లో పెట్టుకుని వంతులవారీగా మోశాం. బెజవాడలో దిగేసరికి తెల్లారింది. అక్కడి నుంచి రెండు బస్సులు, ఒక పడవ. పడవలో ఉండగానే ఆ గోనె వాసన మమ్మల్ని ఎదురొచ్చి కలిసింది. మా ఊరి పిల్లలం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం, సొంత వాసన దొరికినట్టు.

నాగమణి నల్లగా, సన్నగా, రెండు జడలతో ఉంది. మొక్కల్ని చూసి, “బతికించారే” అంది, అంతే. ఆ బడి పిల్లలు పుట్టగానే బురదలో నడవడం నేర్చినట్టు నడిచేవాళ్లు. మేం మోకాళ్ల దాకా దిగబడి ఒకళ్లనొకళ్లం లాక్కుంటుంటే పడిపడి నవ్వారు. మాస్టారు తమ వరస చివర గట్టుకు దిగువగా మా మొక్కలకు చోటు చూపించాడు. మా తాత ధోతి పైకి కట్టి, ఎవరి సాయమూ లేకుండా అక్కడికి నడిచి, వంగి, ఆ నల్లటి బురద చిటికెడు నాలుక మీద పెట్టుకున్నాడు. అరవై మంది పిల్లల నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆయన ఇంకాస్త ఎగువకు పోయి ఇంకో చిటికెడు, పాయ వంపు తిరిగిన మూల దగ్గర ఇంకో చిటికెడు. ఉమ్మేసి, నోరు పుక్కిలించి, టీచర్ వైపు చూశాడు.

“మనది ఏడు గుప్పెళ్లది గద టీచరమ్మా. గీడ తొమ్మిదున్నది. గా మూల ఆరే ఉన్నది. మన పిల్లలను గాడ వెడదాం.”

మాస్టారు చిరునవ్వుతో గాజు గొట్టం తెప్పించి మూడు చోట్లా నీళ్లు పట్టి చూశాడు. మొదటిచోట చూసి చిరునవ్వు తగ్గింది. మూడో చోట చూశాక గొట్టం కిందికి దించి, మా తాతకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఆ మూల నుంచి ఊరి వాన నీళ్లు పాయలోకి దిగుతాయట, అది తనకు తెలిసీ తట్టలేదన్నాడు. నాకు ఆ క్షణంలో గర్వంతో ఏడుపొచ్చింది. ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది.

మా ముప్పై ఒక్క మొక్కలనూ ఆ మూలలోనే నాటాం. ఆ సాయంత్రం గట్టు మీద వాళ్ల పద్ధతి ప్రకారం ప్రతి జట్టూ తన మొక్కల కథ చెప్పాలి. నేను లేచి బోరు పైపు సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నాగమణి దాన్ని వాళ్ల పెద్ద నోటుబుక్కులో రాసుకుంది. మిగతా రెండు రోజులు వాళ్లు మాకు పీత బొరియలు లెక్కపెట్టడం, తాబేలు నడిచిన చార గుర్తుపట్టడం, వల ముక్కలు ఏరడం నేర్పారు. వాళ్ల పిల్లలు మాత్రం మా తాత చుట్టూ మూగి, దోసిళ్లలో రకరకాల బురదలు తెచ్చి రుచి చూడమని ప్రాణం తీశారు. ఆయన ఒక్కదాన్నీ కాదనలేదు. తిరిగొచ్చే రోజున పొద్దున్నే ఒంటరిగా అలల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎట్లుంది తాతా అంటే, “గింత చౌడుల గిన్ని బతుకులున్నయా బిడ్డా,” అన్నాడు.

దసరా సెలవుల ముందు నాగమణి ఉత్తరం వచ్చింది. ముప్పై ఒకటిలో ఇరవై రెండు వేరు పట్టాయనీ, వాళ్ల వరసలో కన్నా మా వరసలో పోయినవి తక్కువనీ. ఆ ఉత్తరాన్ని తాత నాచేత ఎన్నిసార్లు చదివించాడో లెక్కలేదు. మట్టి మూటలతో వచ్చిన ప్రతివాడికీ ముందు ఆ ఉత్తరం వినిపించాకే మూట విప్పేవాడు.

నేను సైన్సు టీచర్నయ్యాను. మొన్న చలికాలంలో నా షాద్‌నగర్ పిల్లల్ని ఆ ఊరికి తీసుకుపోయాను. మాస్టారు రిటైరై ఎటో వెళ్లారు, శనివారం క్లాసు మాత్రం ఇంకా ఉంది. మమ్మల్ని ఎక్కించుకున్న పడవాయన మూల తిరుగుతూ ఒక గుబురు చూపించి, “ఇయ్యి శంషాబాద్ మడలండి,” అన్నాడు. “ఎవరో పెద్దాయన బురద నాలిక మీదేసుకుని సూసి, ఇక్కడే పెట్టమన్నాడంట. నిరుడు గాలివానకి అటుపక్క గట్టు తెగింది గానీ ఇక్కడ తెగలేదండి.” ఆయన మా తాత అని చెప్పాను. అవసరమైనదానికన్నా పెద్ద గొంతుతోనే చెప్పాను, ఒప్పుకుంటాను.

ఇక్కడ మా ఊళ్లో నేను చదివిన బడికి కొత్త భవనం లేచింది. ద్రాక్ష పందిళ్లు పోయాయి, జొన్న చేలు పోయాయి, మట్టి మూటలు పట్టుకుని వచ్చేవాళ్లు లేరు, ఎందుకంటే ఇక్కడ నేల కొనేవాళ్లు విత్తడానికి కొనడం లేదు. తాత పోయిన కొన్నాళ్లకు మా ఆరెకరాలూ విమానాశ్రయం కిందికి వెళ్లాయి. బోరూ, నిమ్మచెట్టూ ఎక్కడుండేవో ఇప్పుడు నేను కూడా వేలు పెట్టి చూపించలేను. డెబ్బై ఏళ్లు ఈ నేలను సాగు చేసిన మనిషి చేతి మొక్క ఇక్కడ ఒక్కటీ లేదు. మూడంటే మూడు రోజులు ఆయన చూసిన సముద్రం ఒడ్డున పద్నాలుగు ఉన్నాయి. పడవ ఆపించి, బురదలో దిగి, నేనే లెక్కపెట్టాను.